ఇమేజ్‌లో అక్క పేరు

అక్క పోయిన వార్త నాకు అక్క ఫోన్ నుంచే వచ్చింది. పొద్దున ఆఫీసు తాళం తీస్తుంటే ఫోన్ మోగింది. తెర మీద ‘అక్క’ అని చూసి ప్రాణం లేచొచ్చింది. బెంగుళూరు ఆసుపత్రిలో చేర్చాక తను ఒక్కసారి కూడా మాట్లాడలేదు మరి. “చెప్పక్కా” అన్నాను. అవతల మగగొంతు. “నేను పాపా, వాళ్ల నాయన్ని. బిడ్డ పాయ” అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు, ఫోన్ పెట్టనూ లేదు. ఎట్లా పెట్టెయ్యాలో ఆయనకు తెలీదని కొంచెంసేపటికి అర్థమైంది. ఆసుపత్రి వరండాలో ఎవరెవరినో పేర్లు పెట్టి పిలుస్తున్న చప్పుడు వింటూ, నేనూ తాళం చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

ఆమె నాకు సొంత అక్క కాదు. కదిరిలో ఒక మందుల షాపు మీద మేడగదిలో నడిచే మా చిన్న ఆఫీసులో నాకు పని నేర్పిన మనిషి. మాది నీళ్ల ట్యాంకర్ల పని. ఎండలు ముదిరి బోర్లు ఎండిపోయాయంటే చుట్టుపక్కలే కాదు, దూరం పల్లెలవాళ్లు కూడా ట్యాంకర్ కోసం ఒక నంబరుకు ఫోన్ చేస్తారు. ఎత్తేది మనిషి కాదు, కంప్యూటర్. ఊరి పేరు అడిగి తెలుసుకుని, దగ్గర్లో ఏ ట్యాంకర్ ఖాళీగా ఉందో చూసి పంపిస్తుంది. ఆ ఫోన్లు అందుకునే సర్వర్లన్నీ అక్క చేతిలో తయారైనవే.

మట్టి చెయ్యడానికి యాడికి మండలంలోని వాళ్ల ఊరికి తీసుకొచ్చారు. అంతా అయ్యాక, బండలు పరిచిన అరుగు మీద అక్క వాళ్ల నాయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. శెనక్కాయ పంట తప్ప ఇంకో లోకం తెలియని మనిషి. కండువా తీసి మోకాళ్ల మీద మడిచి పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: “నా బిడ్డ ఇన్నేండ్లు ఏం చేసిందో నాకు తెలీదు పాపా. అడిగితే, నీకు అర్థం కాదులే నాయనా అని నగుతాండె. ఆ కంప్యూటర్లో యాడన్నా ఆ బిడ్డ పేరు ఉంటాది గదా. ఒకసారి నా కండ్లకు చూపియ్యి.”

“చూపిస్తాను పెద్దనాయనా” అన్నాను. ఎక్కడో ఒక చోట ఉండకపోతుందా అనుకున్నాను. అక్కడికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, మనిషి పోయినా చేసిన పని నిలబడుతుందమ్మా అని నాకు ధైర్యం చెప్పబోయాడు. అక్క చేసిన పని ఎట్లాంటిదో తెలిస్తే ఆయన ఆ మాట అని ఉండడు.

మీలో కొందరికి ఈ పని తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ లేదు. ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లు ఉంటాయి, వాటిలో మనకు కావాల్సినంత భాగం కావాల్సినంతసేపు వాడుకుంటాం. ఆ భాగమే మన సర్వర్. దానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి, మన ప్రోగ్రాములు చేర్చాలి, అక్కర్లేనివి తీసెయ్యాలి. ప్రతి సర్వర్‌కీ ఇదంతా మొదటినుంచి చేస్తూ పోతే తెల్లారుతుంది. అందుకని ఒక యంత్రాన్ని శ్రద్ధగా తయారుచేసి, దాన్ని మొత్తంగా అచ్చు తీసినట్టు ఒక ఫైలుగా తీసి పెట్టుకుంటాం. దాన్నే ఇమేజ్ అంటారు. ఆ ఇమేజ్ ఒక్కటుంటే ఎన్ని సర్వర్లనైనా చిటికెలో లేపొచ్చు.

చేరిన కొత్తలో నాకు ఇది చాదస్తంగా అనిపించేది. “ఒక్కోదానికి ఒక్కోసారి ఎక్కించుకుంటే పోయేదానికి ఇంత తతంగమెందుకక్కా?” అన్నాను. 

“ఎండాకాలం పొద్దెక్కేటప్పటికి ఊర్లన్నీ ఒకేసారి ఫోన్ చేస్తాయి పాపా. నువ్వు నిదానంగా ఎక్కించుకుంటా కూచుంటే వాళ్లు బిందెలు పట్టుకుని రోడ్డు మీద నిలబడల్ల” అంది. ఆ తర్వాత నేను ఆ ప్రశ్న అడగలేదు.

ఇమేజ్ గురించి చెప్పాలంటే అక్క విత్తనం గురించే చెప్పేది. వాళ్లింట్లో విత్తనపు కాయలు వేరే మూటల్లో కట్టి పెట్టేవాళ్లట. ఎంత కరువొచ్చినా ఆ మూటల జోలికి పోరు. కట్టే ముందు వాళ్ల నాయన కాయలు చెరిగి, రాళ్లూ మన్నూ ఏరి, పుచ్చినవి తీసేసి, ఇంకోసారి చేత్తో కెలికి చూసేవాడట. “విత్తనంలో చేని మన్ను ఉండగూడదు అని మా నాయన చెప్తాడు. దీంట్లో గూడ అంతే” అనేది. ఇమేజ్ తీసే ముందు ఆ మొదటి యంత్రం తనకు పెట్టుకున్న గుర్తింపు, దాని తాళాలు, లోపలికి ఎవరొచ్చి ఎవరు పోయిందీ రాసుకున్న చిట్టాలు, అప్పటిదాకా కొట్టిన ఆదేశాలు, చేసినవాళ్ల పేరు, అన్నీ తుడిచెయ్యాలి. తుడవకపోతే దాన్నుంచి లేచిన ప్రతి సర్వర్ తానే ఆ మొదటి యంత్రమనుకుని తికమక పడుతుంది. చేసినవాళ్ల పేరు మిగిలితే వచ్చే నష్టం చిన్నదే. కానీ అక్క దాన్నీ ఒప్పుకునేది కాదు.

ఏదైనా సర్వర్ మొరాయిస్తే నేను దాని వెంట పడి బాగుచేయబోయేదాన్ని. అక్క వచ్చి నా చెయ్యి పక్కకు జరిపి, దాన్ని తీసేసి, ఇమేజ్ నుంచి కొత్తది లేపేది. “పైరు ఎండిపాయనని ఏడుస్తా కూచుంటే సేద్యం యాడ సాగుతాది? విత్తనం ఉండాదా లేదా, అది చూసుకో” అనేది. వానలు మొహం చాటేసిన ఏడాది తర్వాత ఏడాది వాళ్ల నాయన అనుకున్న మాటే ఇదీ. అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

అక్క అంటే నాకు గుర్తొచ్చేవన్నీ చిన్న చిన్న సంగతులే. గ్లాసు నిండా నీళ్లు ఎప్పుడూ పోసుకునేది కాదు, సగానికే పోసుకుని తాగేది. నీళ్ల పని చేస్తూ నీళ్లకు పిసినారితనమేంటక్కా అని నేను ఏడిపించేదాన్ని. నేను టైపు చేస్తుంటే “కీబోర్డు నీకేం అన్యాయం చేసింది పాపా, అట్ల కొడ్తాండావు?” అనేది. ఇమేజ్ తీసేటప్పుడు మాత్రం చెప్పులు బల్ల కింద విడిచేది. పంట నూర్చే కళ్లంలోకి చెప్పులేసుకుని పోరు కదా, అందుకా అని అడిగితే, “అదేం లేదు, కాళ్లు మంట” అనేది. మిగతా రోజుల్లో ఆ మంట ఎక్కడికి పోయేదో మరి.

ఒక వేసవిలో జరిగింది చెప్తాను. మాతో పనిచేసే అన్న ఒకాయన ఆ ఏడు కొత్త ఇమేజ్ తనే తీస్తానన్నాడు. మంచివాడు, భక్తిపరుడు. కొత్త యంత్రం పనిచేస్తుందో లేదో చూడటానికి ఒక ఉత్తుత్తి ఆర్డరు పెట్టి చూడాలి. బోణీ దేవుడి పేరు మీద పడితే మంచిదని, మా వీధి చివరి ఆంజనేయస్వామి గుడికి ఒక ట్యాంకర్ అని పెట్టాడు. పని చేసింది. దణ్ణం పెట్టుకుని, ఆ ఆర్డరును తుడవకుండానే ఇమేజ్ తీశాడు. దేవుడి పేరు చెరపడానికి చెయ్యి రాలేదట. మర్నాడు ఫోన్లు పెరిగి సర్వర్లు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. లేచిన ప్రతి సర్వర్ మొదట ఆ పాత ఆర్డరు చూసి స్వామికి ఒక ట్యాంకర్ పంపింది. మధ్యాహ్నానికి గుడి ముందు ట్యాంకర్లు బారులు తీరాయి. పూజారి ఆఫీసు మెట్లెక్కి వచ్చి, “ఏమప్పా, స్వామి ఏమన్నా సముద్రం దాటి దప్పికతో వచ్చినాడా, ఇన్ని నీళ్లు?” అన్నాడు. అందరం నవ్వాం. అక్క నవ్వలేదు. ఆ పూట ట్యాంకర్ రాని ఊళ్లు ఏవేవో చూసి, ఒక్కొక్క ఊరికీ తనే ఫోన్ చేసి మాట్లాడింది. అంతా సర్దుకున్నాక ఆ అన్నను ఒక్కమాట కూడా తిట్టలేదు. “ఎంత ఇష్టమైనోళ్ల పేరైనా సరేన్నా, దేవునిదైనా సరే, దీంట్లో ఉండగూడదు” అంది.

తర్వాత రోగం వచ్చింది. కడుపులో గడ్డ అన్నారు. అక్క బెంగుళూరు పోయి మందులెక్కించుకుని, తిరిగి రైలు దిగి నేరుగా ఆఫీసుకు వచ్చేది. చేతికి దూది పట్టీ అట్లాగే ఉండేది. ఇంటికి పో అక్కా అంటే వినేది కాదు. ఒకరోజు సగం గ్లాసు నీళ్లు తాగి, ఆ సగమూ మళ్లీ కక్కుకుని, మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. “నన్ను బాగు చేస్తాండారంట పాపా. సర్వరైతే నేనెప్పుడో తీసేసి కొత్తది లేపుతాంటి. డాక్టర్లకు ఆ పని రాదు” అంది. అప్పుడు ఇద్దరం నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో తెలీదు.

చివరిసారి ఆఫీసుకు వచ్చిన రోజు మధ్యాహ్నమంతా అక్క మొదటి యంత్రం తెరిచి కూర్చుంది. మేం ఇమేజ్ తీసే యంత్రం అదే. మామూలుగా చూసుకుంటోందనుకున్నాను. “ఏం చేస్తాండావక్కా?” అంటే, “కళ్లం ఊడుస్తాండా” అంది. కాళ్లకు చెప్పులు లేవు. నేను టీ తెచ్చి పక్కన పెట్టాను. తాగలేదు. పోయేటప్పుడు మెట్ల మీద కడ్డీ పట్టుకుని ఆగి ఆగి దిగింది. కింద మందుల షాపాయన లేచి నిలబడ్డాడు. ఆయనకు అర్థమైంది, నాకే కాలేదు.

అక్క పోయిన తర్వాత ఆఫీసుకు వచ్చి, వాళ్ల నాయనకు ఇచ్చిన మాట కోసం ఆ యంత్రం తెరిచాను. అక్క పేరుతో ఒక ఖాతా ఉండేది. లేదు. ఆ పేరుతో ఒక ఫోల్డర్ ఉండేది, అదీ లేదు. అక్క రాసిన ప్రోగ్రాముల పైన ఎవరు రాశారో ఒక ముక్క ఉంటుంది, ఎవరైనా అట్లాగే రాసుకుంటారు. ప్రతి ఫైలూ తెరిచి చూశాను. ఒక్కదాంట్లో లేదు. పాత ఇమేజ్‌లలోనైనా ఉంటుందేమోనని వెతికాను. పాత విత్తనం మొలవదని, కొత్తది తీసినప్పుడల్లా పాతవి తీసేసే అలవాటు అక్కదే. ఆ యంత్రంలో అక్క ఇన్నేళ్లు కూర్చుని పని చేసిందని చెప్పే గుర్తు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ మధ్యాహ్నం అక్క ఊడ్చింది తననే.

అక్క మీద కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపం ఎట్లా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు, పోయి అరవడానికి ఆ మనిషి ఉండదు. నీ పద్ధతి నువ్వు నిలబెట్టుకున్నావు, మరి మాకేం మిగిల్చావు? మీ నాయనకు ఏం చూపించమంటావు? ఖాళీ కుర్చీనే అడిగాను. పేరు నేనే మళ్లీ కొట్టి ఉండొచ్చు. ఒక్క వరస పని. వేళ్లు కీబోర్డు మీద పెట్టాను కూడా. అక్క పద్ధతులన్నీ నా ముందు కూర్చున్నట్టనిపించి తీసేశాను. అదీ గాక, నేను రాసిన పేరు ఆయనకు చూపించి ఇది నీ బిడ్డ రాసుకున్నదే అని ఏ మొహంతో చెప్పను?

ఏం చెప్పాలో తేల్చుకోకుండానే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కి ఆ ఊరికి పోయాను. పెద్దనాయన అరుగు మీద మంచం వేయించి, దాని మీద దుప్పటి దులిపి పరిచాడు. ల్యాప్‌టాప్ తెరిచి, నా ఫోన్ నుంచి నెట్ పెట్టుకుని, మొదటి యంత్రం చూపించాను. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు.

“ఇదేనా?”

“ఇదే పెద్దనాయనా. మీ ఊళ్లో ట్యాంకర్‌కి ఫోన్ చేస్తే పలికేదంతా దీన్నుంచి పుట్టిందే.”

“మేం దినామూ చేస్తాంటిమే. నా బిడ్డ చేసిందని ఎవురూ చెప్పకపోయిరి” అన్నాడు. కండువాతో చేతులు తుడుచుకుని తెరకు దగ్గరగా వంగాడు. “పేరు యాడుండాది?”

“లేదు. తనే తీసేసింది” అని చెప్పాను. ఎందుకు తీసేసిందో, విత్తనంలో చేని మన్ను ఉండగూడదన్న మాటతో సహా చెప్పాను. ఆయన తలెత్తలేదు.

“ఆ మాట నాది” అన్నాడు. “కాయలు చెరిగేటప్పుడు పక్కన కూచోబెట్టుకుని నేనే చెప్తాంటి. చెప్పకపోయినా ఏం కొంప మునుగుతాండె పాపా.”

నేను తెర వైపు తిరిగాను. పొద్దెక్కుతోంది, ఫోన్లు పెరుగుతున్నాయి. ఇంకో సర్వర్ కావాలని తెర మీద సూచన వచ్చింది. మామూలుగా అదంతట అదే లేస్తుంది, పేరు కూడా అదే పెట్టుకుంటుంది. ఆ రోజు నేను చేత్తో లేపాను. చేత్తో లేపితే పేరేమని అడుగుతుంది.

“పెద్దనాయనా, దీనికి పేరు అడుగుతాంది. ఇమేజ్‌కి పేరు ఉండకూడదు గానీ, దాన్నుంచి లేచినదానికి పెట్టొచ్చు. అది తప్పు కాదు.”

ఆయన నా మొహం చూశాడు. ఏం పేరు పెట్టాలని అడగలేదు. బిడ్డ పేరు చెప్పాడు, ఇంటి పేరుతో సహా, బళ్లో చేర్పించేటప్పుడు అయ్యవారికి చెప్పినట్టు. నేను కొట్టాను. సర్వర్ లేచింది.

నడుస్తున్న సర్వర్లన్నీ తెర మీద ఒకదాని కింద ఒకటి వరసలుగా ఉంటాయి, పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో. అక్క పేరు మధ్యలో పడింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఏది పాపా అంటే చూపించాను. మళ్లీ తప్పిపోతుందేమోనని ఆ వరస పక్కన తెర మీద వేలు ఆనించి పెట్టుకున్నాడు.

“పక్కన అంకెలు తిరుగుతాండాయే, అవేంది?”

“ఫోన్లు. ఎత్తిన ఫోన్లు.”

“ఎత్తుతాండాదా?”

“ఎత్తుతాంది పెద్దనాయనా.”

“ఎంతసేపు ఉంటాది?”

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “మాపటి దాంక. సాయంత్రం ఫోన్లు తగ్గితే కొత్తగా లేచినదాన్ని మొదట తీసేస్తుంది. ఆ పద్ధతి పెట్టింది అక్కే. కావాలంటే తియ్యకుండా ఆపొచ్చు.”

“ఆ బిడ్డయితే ఆపేదా?”

“ఆపదు.”

“అట్లయితే వద్దులే” అన్నాడు. వేలు మాత్రం తియ్యలేదు.

మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. వాళ్ల ఊరి ట్యాంకర్ వచ్చి వీధిలో ఆగింది. బిందెల చప్పుడు, ఆడవాళ్ల కేకలు. అటు చూడలేదు. ఎండ అరుగు మీదికి ఎక్కి, మంచం కోళ్లదాకా వచ్చి, మళ్లీ దిగిపోయింది. పొద్దు వాలేటప్పటికి అంకెలు తిరగడం నెమ్మదించింది. నేను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను. అక్క పేరు ఉన్న వరస ఒకసారి బూడిదరంగుకు తిరిగింది, తర్వాత లేదు. కింద ఉన్న వరస పైకి జరిగి ఆ చోట నిలిచింది. ఆ అక్షరాలు చదవలేని ఆయన వేలి పక్కన ఇప్పుడు ఏదో వేరే సర్వర్ ఉంది. దాని అంకె ఒకటి తిరిగింది.

ఆయన ఆ అంకెను చూసి, నా వైపు తిరిగాడు.

“మాపైపాయ. అయినా ఇంకా ఉండాది, చూస్తివా పాపా” అన్నాడు.